చేతుల మీద దొరసాని పగ

"మీ పిల్లిని మీరే ఉంచుకోండి!"

తలుపు తీసిన బొమ్మలాయన ముందు బుట్టను చూశాడు. తర్వాత అందులో ముడుచుకుని కూర్చున్న దొరసానిని చూశాడు. ఆఖరికి బుట్ట పట్టుకున్న చేతిని చూశాడు. వేళ్ళ నిండా ప్లాస్టర్లే.

"కరిచిందా? మా దొరసానా?"

"లేదండీ, తోచక నేనే కొరుక్కున్నాను."

అవి మామూలు చేతులు కావు. ఊళ్ళో ఏ గోడ మీది ప్రకటన చూసినా ఉంగరం తొడుక్కునో, వాచీ పెట్టుకునో కనిపించే చేతులు. మొహం మాత్రం ఎవరికీ తెలియదు. స్టూడియోలో ఆమెను అందరూ చేతులమ్మాయి అనే పిలుస్తారు. వచ్చే వారం వాచీల కంపెనీ కోసం ఈ చేతులకు ఫొటోలు తీస్తారు. చేతి మీద గాటు కనిపిస్తే ఆ పని ఇంకో చేతికి పోతుంది. పిల్లో, పనో తేల్చుకోమని అమ్మ పొద్దున్నే చెప్పేసింది. పని వదిలితే ఇల్లు గడవదు, పిల్లిని వదలడానికి ప్రాణం ఒప్పదు. అందుకే అంత కోపం.

బొమ్మలాయన అన్నది వీధి పిల్లలు పెట్టిన పేరు. మనిషికి పట్టుమని ముప్ఫై ఏళ్ళు లేవు. చేతికి తొడుక్కునే గుడ్డబొమ్మలతో ఆటలాడిస్తాడు. ప్రదర్శనలకని ఊళ్ళు తిరగాల్సి వచ్చి, దొరసానిని ఈమెకు పెంపకానికి ఇచ్చాడు.

"పిల్లికూనగా ఉన్నప్పటి నుంచీ పెంచానండీ. నన్ను ఒక్కసారి కూడా కరవలేదు. కావాలంటే చూడండి," అంటూ రెండు చేతులూ చాపాడు.

ఒక్క గీత లేదు. ఆమెకు ఒళ్ళు మండింది. అంటే తనంటేనే దానికి పడదన్నమాట!

"మరి నేనేం పాపం చేశాను? వేళకి తిండి పెడతాను, పక్కలో పడుకోబెట్టుకుంటాను. చెయ్యి కదిపితే చాలు, మీదకి దూకుతుంది."

"కదిపితేనేనా? కదపకపోతే?"

"అప్పుడు అసలు పట్టించుకోదు."

అతని కనుబొమలు పైకి లేచాయి. "లోపలికి రండి. ఇదేంటో చూడాల్సిందే."

గది గోడ పొడుగునా బొమ్మలు మేకులకు వేలాడుతున్నాయి. రాజు, సింహం, పొట్టి పోలీసు. బుట్ట మూత తీయగానే దొరసాని బయటికొచ్చి, పుట్టింటికొచ్చిన కూతురిలా గదంతా తిరిగి చూసుకుంది.

"రోజూ ఇలా ఆడించేవాణ్ణి," అంటూ అతను రాజును తొడుక్కుని వేళ్ళు ఆడించాడు.

దొరసాని ఒక్క దూకు దూకి రాజుగారి మెడ పట్టేసింది. వెనక కాళ్ళతో పొట్టలో తన్నుతోంది.

"చూశారా, ఎంత ముద్దుగా ఆడుతుందో!"

ఆమె రాజును చూడడం లేదు. గోడను చూస్తోంది. సింహానికి ఒక చెవి లేదు. పోలీసు మెడకు కుట్ల మీద కుట్లు.

"ఇవన్నీ ఎలా చిరిగాయండీ?"

"అదా, ఆటలో దొరసాని..." అతను ఆగిపోయాడు.

"కరవలేదు, కరవలేదు అన్నారే. కరిచింది మిమ్మల్నేనండీ. మధ్యలో గుడ్డ ఉంది, అంతే."

బొమ్మలాయన అలాగే నేల మీద కూలబడ్డాడు. కదిలే చెయ్యి అంటే వేట అని దానికి నేర్పింది తనే. గట్టిగా నాలుగు తిడదామనుకున్న ఆమెకు, అతని మొహం చూసి నవ్వొచ్చింది.

"పిల్లికి చెలగాటం అనడం వినడమే గానీ, ఆ చెలగాటం నేర్పిన మహానుభావుణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. సరే, నేర్పింది మాన్పించగలరా?"

"ఈ నెలంతా ఊళ్ళోనే ఉంటాను. మీ ఇంటికొచ్చి ప్రయత్నిస్తాను," అన్నాడు తల వంచుకుని. "అది ఉండాల్సింది మీ దగ్గరేగా."

మర్నాటి నుంచి సాయంత్రాలు అతను రావడం మొదలుపెట్టాడు. కర్రకు తాడు, తాడు చివర ఈక. ఆటంతా దానితోనే, చేతులతో వద్దన్నాడు.

"కరిస్తే చెయ్యి లాక్కోకండి. లాగితే ఎలక పారిపోతోందనుకుంటుంది. కదలకుండా ఉండి, వదలగానే లేచి వెళ్ళిపోండి. ఆట అయిపోయిందని దానికే అర్థమవుతుంది."

"ఒక్కోసారి హాయిగా నిమురుతుంటే కూడా కరుస్తుంది. అదెందుకు?" అంది దొరసాని వీపు నిమురుతూ.

"తోక చూడండి, టపటపా కొడుతోంది. చెవులు వెనక్కి వాలాయి. ఇక చాలు తల్లీ అంటోంది. మనం వినకపోతే పళ్ళతో చెబుతుంది."

ఆమె ఎన్నడూ గమనించలేదు. పిల్లిని నిమురుతూ కూడా తన గోళ్ళే చూసుకునే అలవాటు మరి. ఇప్పుడు తోకలూ చెవులూ చూడడం నేర్చుకుంది. మధ్యమధ్యలో అతన్ని కూడా.

వాచీల ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఆ సాయంత్రం జోరున వాన. అయినా అతను తడుస్తూ వచ్చాడు.

"కరవడం మానేసింది కదా. ఇక నేను రానక్కర్లేదనుకుంటా," అన్నాడు దొరసాని వైపు చూస్తూ.

పిల్లి దక్కింది, పని దక్కింది. సంతోషించాల్సిన మనిషికి గుండెల్లో రాయి పడింది. ఒళ్ళోని దొరసానిని నిమిరింది. అది ఆమె వేలిని నాకి నాకి, మెల్లగా పళ్ళు ఆనించింది.

"అయ్యో, మళ్ళీ మొదలెట్టింది!"

అతను దగ్గరికొచ్చి వంగి చూశాడు. "తోక కదలడం లేదు. హాయిగా గుర్రుమంటోంది. ఇది కోపం కాదు, ఆటా కాదు. ఇష్టం."

"ఇష్టమైతే కొరకడమెందుకు?"

"దానికి మాటలు రావుగా."

"మనుషులకు తోకలు లేవు. ఇష్టమో కాదో ఎలా తెలుస్తుంది?"

"అడగాలి."

"మరి అడగరేం?"

అతను గొంతు సవరించుకున్నాడు. "అంటే... దొరసానికి నేను అలవాటైపోయాను కదా, ఒక్కసారిగా మానేస్తే అది..."

"పిల్లి మీదా ఎలక మీదా పెట్టి ఇంకెన్నాళ్ళు మాట్లాడతావు నాయనా?" వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "రోజూ వింటున్నాను. నాకేం అభ్యంతరం లేదు. సూటిగా అడుగు."

అతని చెవులు ఎర్రబడ్డాయి.

"రేపు రావచ్చా? పిల్లి కోసం కాదు. మీరంటే నాకు చాలా ఇష్టం."

"రండి," అంది ఆమె, వేలిని దొరసాని నోట్లోంచి తీసుకోకుండానే. "కాస్త పెందలాడే రండి."