ఇరవై ఏడు శాతం కొవ్వు

మా మనవడు సాల్మన్ రాజు తొంభై ఎనిమిది కిలోలున్న రోజుల్లో, వాడు వెనక కూర్చున్న ఆటో వంతెన ఎక్కేటప్పుడు ముందు చక్రం గాలిలో ఉండేది. నమ్మకపోతే మానేయండి. గాలిలో ఆ చక్రం తిరగడం నేను కళ్ళారా చూశాను.

ఆ రోజుల్లోనే వాడు కంచిలి తోటల జీడిపిక్కలు వేసుకుని పలాసలో ఒక ఫ్యాక్టరీకి వెళ్ళాడు. అక్కడ కాటా చూసే అమ్మాయి పేరు షాలిని. వీడు బస్తా కాటా మీద పెట్టి పక్కనే నిలబడ్డాడు.

“బావా, కాలు తియ్యి.”

“ఏ కాలు?”

“కాటా మీదున్న కాలు. పిక్కల్తో పాటు నిన్ను కూడా తూసేత్తన్నాను.”

“నిజంగా కనబళ్ళేదు.”

“పొట్ట అడ్డొచ్చినాదేటి?”

పిక్కలు ఒలిచే ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. ఇంకొకడైతే ఫ్యాక్టరీ మార్చేవాడు. వీడు మనసిచ్చేసి వచ్చాడు. ఆపైన పిక్కలున్నా లేకపోయినా పలాస వెళ్ళడమే. ఒకనాడు జోరువాన. ఇద్దరూ ఒకే రేకు కింద నిలబడ్డారు. సగం వాన షాలిని భుజం మీద పడుతుంటే వీడు అడ్డం నిలబడి మొత్తం ఆపేశాడు. అందుకు సరిపడా మనిషే కదా! ఆ ధైర్యంతో అడిగేశాడు.

“నన్ను పెళ్ళి సేసుకుంటావా?”

షాలిని నవ్వింది. “నాలుగు మెట్లెక్కితే రొప్పుతన్నావు. పెళ్ళిలో పడిపోతే నిన్నెవలు మోస్తారు? డెబ్బై నాలుగు కిలోలకి రా. అప్పుడడుగు.”

పదకొండు నెలలు. వాడు అన్నం మానేశాడు, గంజి తాగాడు, కీరదోసకాయలు నమిలాడు. చివరికి వాడి పాత బెల్టు నడుముకి రెండు చుట్లు తిరగ్గా, మిగిలిన ముక్కతో మేకను కట్టేసుకున్నాం.

డెబ్బై నాలుగుకి వచ్చాడు. వచ్చాక వాడి తల మాత్రం బరువెక్కింది. ఎవరు ఎదురైనా “నువ్వెన్ని కిలోలు?” అని అడగడమే. చివరికి పక్కింటి గేదెకి కూడా సలహా చెప్పాడు.

అలా ఉండగా మా చర్చి సంఘంలో ప్రేమవిందు వచ్చింది. ఆరాధన అయ్యాక అందరూ వరుసగా కూర్చుని తినే విందు అది. షాలిని వాళ్ళదీ మా సంఘమే. వాళ్ళమ్మ జీవరత్నమ్మ కోడికూర వడ్డిస్తోంది. ఆవిడ కొంచెం భారీ మనిషి. మా వాడు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు.

“వద్దత్తా. ఇది తింటే మళ్ళీ నీలాగైపోతాను.”

వరుసంతా విన్నది. ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. జీవరత్నమ్మ గరిటె గిన్నెలో పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

వీడికి చీమ కుట్టినట్టయినా లేదు. చెయ్యి కడుక్కుని నేరుగా షాలిని ముందుకి వెళ్ళాడు. “డెబ్బై నాలుగు! ఇప్పుడు సెప్పు.”

షాలిని వాడిని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. “బరువు తగ్గినావు. కొవ్వు తగ్గనేదు. అది తగ్గించుకుని రా.”

ఆ పిల్ల ఏ కొవ్వు అందో పక్కనున్న నాకు ఆ క్షణమే తెలిసింది. మన భాషలో ఆ మాట ఒంటికీ ఉంది, నోటికీ ఉంది. వాడి చెవిలో వేద్దామనుకున్నాను. కానీ చెబితే తమాషా అక్కడితో అయిపోదూ?

మర్నాడే వాడు టెక్కలి జిమ్ముకి పరుగెత్తాడు. అక్కడి కోచ్ శ్రీనివాస్ ఒక మెషిన్ ఎక్కించి కాగితం తీశాడు. ఒంట్లో కొవ్వు ఇరవై ఏడు శాతం!

“సన్నబడ్డాను గదా, ఇంతేటి?” అని మా వాడు లబలబలాడాడు.

“గంజి తాగి తగ్గినావు. కొవ్వుతో పాటు కండ కూడా పోనాది. ఇంక కాటా సూడకు. బరువులెత్తు. గుడ్లు, సేపలు, పప్పు తిను. బాగా నిద్దరో. ఇది తొందరగా అయ్యే పని కాదు.”

ఇంటికొచ్చి నా చేతిలో కాగితం పెట్టాడు. “తాతా, మెషిన్ నేకండానే షాలిని కనిపెట్టేసినాది!”

“దాని సూపు అలాంటిదిరా,” అన్నాను గంభీరంగా.

నాలుగు నెలలు బరువులెత్తాడు. జిమ్ము లేని రోజు అక్కుపల్లి వెళ్ళి జాలర్లతో వల లాగేవాడు. ఒకసారి వీడొక్కడే లాగితే వలతో పాటు సముద్రం కూడా పదడుగులు ముందుకొచ్చింది. దాన్ని వెనక్కి నెట్టడానికి ఊరంతా దిగాల్సి వచ్చింది. కాటా మీద మాత్రం గ్రాము తగ్గలేదు, పైగా కిలో పెరిగాడు. కొవ్వు ఇరవై మూడైంది, తర్వాత ఇరవై అయింది.

అంకె మారినప్పుడల్లా షాలినికి మెసేజ్ పెట్టేవాడు. “కొవ్వు ఇరవై మూడు.” ఆ పిల్ల వెటకారమనుకుని కోపం బొమ్మ పంపేది. “ఇంకా తగ్గాలంట తాతా!” అని వీడు మరో నాలుగు బరువులెత్తేవాడు.

ఇంతలో షాలినికి ఇచ్ఛాపురం నుంచి టీచరు సంబంధం వచ్చింది. ఆదివారం పదింటికి వాళ్ళకి జవాబు చెప్పాలట. అది మా వాడి చెవిన పడింది. శనివారం టెక్కలి వెళ్ళి మెషినెక్కి, కాగితం పట్టుకుని పలాసలో వాలాడు.

“సూడు! పదిహేడు శాతం!”

“ఏటిది?”

“కొవ్వు. నువ్వే గదా తగ్గించుకోమన్నావు!”

షాలిని కాగితం చూసింది. వాడి ముఖం చూసింది. నవ్వు వచ్చి మధ్యలో ఆగిపోయింది.

“ఓలమ్మో! నాలుగు నెల్లూ కొవ్వంటే ఇదనుకున్నావా?”

“మరేటి?”

“నీ నోటి కొవ్వు రాజూ! ఆ రోజు నుంచి మా అమ్మ పదిమందిలో కూకుని తినడం మానేసినాది. ఇచ్ఛాపురం వోళ్ళని నాను వద్దందామనుకున్నా, నీ కోసమని అమ్మకి ఏ మొగం పెట్టుకుని సెప్పను?”

మా వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అంత పొడుగు మనిషి అంగుష్ఠమంత అయిపోయాడు. ఈసారి నేను కోతలు కోయడం లేదు.

సాయంత్రం జీవరత్నమ్మ ఇంటికి వెళ్తూ నన్నూ లాక్కెళ్ళాడు.

“అత్తా, ఆ రోజు తప్పు మాటన్నాను. నలుగురిలో అన్నాను. రేపు ఆరాధనలో నలుగురి ముందే తప్పొప్పుకుంటాను.”

“వద్దు బాబూ,” అంది ఆవిడ వెంటనే. “మళ్ళీ అందరూ నా ఒళ్ళే సూస్తారు.”

ఆవిడ మోకాళ్ళు నొక్కుకుంటూ అంది. “ఈ కాళ్ళు నన్ను తినేత్తన్నాయి. డాక్టరు నడవమన్నాడు. ఎవలైనా నవ్వుతారని గడప దాటనేదు. నువ్వెలా తగ్గినావో నాకు సెప్తావా? నవ్వకండా?”

“నవ్వనత్తా,” అన్నాడు వాడు. “గంజి మాత్రం తాగొద్దు.”

ఆదివారం పొద్దున్నే నడకకని అక్కుపల్లి సముద్రపొడ్డుకి నలుగురం వెళ్ళాం. నేను పడవ అంచున కూర్చున్నాను. జీవరత్నమ్మ ముందు, ఆవిడ అడుగుకి అడుగేస్తూ మా వాడు, వెనక షాలిని.

“పదింటికి ఫోనొచ్చేత్తాది,” అని షాలిని వాడి వీపు మీద పొడిచింది. “అడగవేటి?”

వాడు గబగబా ముందుకెళ్ళి ఆవిడకి ఎదురుగా తిరిగాడు. “అత్తా, షాలినిని నాకిచ్చి...”

జీవరత్నమ్మకి ఊపిరందక, ఆగమని కుడిచెయ్యి పైకెత్తింది.

మా సంఘంలో పాస్టరు గారు అలా చెయ్యెత్తితే ఆశీర్వాదం. పుట్టినప్పటి నుంచి అలవాటైన తల ఆగుతుందా? వాడు తడి ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడి తల వంచేశాడు. షాలిని ఒక్క క్షణం చూసి, చటుక్కున వాడి పక్కన మోకరించింది.

పైన చెయ్యి, కింద రెండు తలలు. ఆవిడకి మాట రావడం లేదు.

“సెయ్యి దించకమ్మా!” అని నేను పడవ మీంచి కేకేశాను. “దించితే సెల్లదు!”

“ఆగమన్నాన్రా...” అంది ఆవిడ రొప్పుతూ.

“ఆమేన్!” అన్నాడు మా వాడు.

“ఆమేన్!” అంది షాలిని, కళ్ళు తెరవకుండానే.

జీవరత్నమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆవిడ నవ్వుకి ఒళ్ళంతా కదిలింది, దాచుకోలేదు. ఎత్తిన చెయ్యి కూతురి తల మీద, రెండో చెయ్యి వాడి తల మీద పెట్టింది.

“ఆమేన్. ఇంక లెగండి, ఇంకా అర కిలోమీటరుంది.”