చుక్కలు పడుతున్నంతసేపు

మధ్యాహ్నం మూడున్నరకే ఇంట్లో చీకటి పడింది. బయట మబ్బు కమ్ముకుని వాన మొదలైంది. కరెంటు పోయి పావుగంట అయింది. అమ్మ గది తలుపు మూసి ఉంది.

అమ్మ ఆస్పత్రిలో నర్సు. ఈ నెలంతా రాత్రి డ్యూటీ. అందుకే పగలంతా ఆ ఇంట్లో పిల్లుల్లా అడుగులు వెయ్యాలి. నాలుగింటికి అమ్మ లేస్తుంది. లేచేసరికి కాఫీ సిద్ధంగా ఉండాలి. ఆ పని దొరసానిది.

దొరసాని అంటే నిజం దొరసాని కాదు, పదేళ్ల పిల్ల. ఇంటి పెత్తనమంతా నెత్తిన వేసుకుని తిరుగుతుందని నాన్న పెట్టిన పేరు అది.

కాఫీ కూడా మామూలు కాఫీ కాదు, వియత్నాం కాఫీ. అమ్మతో పనిచేసే పెద్ద నర్సు ఒక బుల్లి స్టీలు ఫిల్టరు ఇచ్చి, "స్టవ్వు వెలిగించే పనే లేదు, పిల్లలైనా చేసెయ్యొచ్చు" అని నేర్పింది. గాజు గ్లాసులో రెండు చెంచాల కండెన్స్‌డ్ మిల్కు వెయ్యాలి. గ్లాసు మీద ఫిల్టరు పెట్టాలి. అందులో రెండు చెంచాల కాఫీ పొడి వేసి, పైన చిల్లుల రేకు అమర్చాలి. అమ్మ నింపి ఉంచిన ఫ్లాస్కులోంచి ముందు కాసిని వేడినీళ్లు పొయ్యాలి. పొడి నాని ఉబ్బాక మిగతా నీళ్లు పోసి మూత పెట్టాలి. అంతే, ఇక చేసేదేమీ లేదు. డికాక్షన్ దానంతట అదే ఒక్కొక్క చుక్కా పాల మీదికి దిగుతుంది.

టప్. టప్. టప్.

చేసేదేమీ లేని ఆ ఐదు నిమిషాల్లో దొరసాని ఒక దొంగపని చేసేది. పాల డబ్బాలో చెంచా ముంచి నాకేది. చిక్కల్లా తమ్ముడితోనే. వాడికి ఐదేళ్లు. క్షణం నోరు మూయడు కాబట్టి అందరూ వసపిట్ట అంటారు.

"అక్కా, నాకు? అక్కా, ఒక్క చెంచా! అమ్మకు చెప్పనా అక్కా?"

వాడి గోల పడలేక పోయిన వారం దొరసాని ఒక కథ అల్లింది. వాణ్ని దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది.

"చుక్కలు పడుతున్నంతసేపు మాట్లాడకూడదురా. మాట్లాడితే గొంతు కరిగిపోతుంది. చుక్కచుక్కగా గ్లాసులోకి దిగిపోతుంది. అమ్మ తాగేస్తుంది. ఇక నీకు మాట రాదు."

"నిజంగానా?"

"ఒట్టు."

వసపిట్ట రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆ రోజు నుంచి టప్ మని వినపడితే చాలు, వాడు వంటింటి ఛాయలకే రావడం లేదు. దొరసానికి ప్రాణం హాయిగా ఉంది.

ఇవాళ ఆమె మూడో చెంచా నాకుతుండగా ఎక్కడో తలుపు ధడేలుమంది.

"వీడొకడు, తలుపులు సరిగ్గా వెయ్యడు. అమ్మ లేస్తుంది" అని విసుక్కుంది. అమ్మ గదిలో అలికిడి లేదు. దొరసాని నాలుగో చెంచా ముంచింది.

కాసేపటికి డికాక్షన్ దిగడం అయిపోయింది. ఫిల్టరు తీసి సింకులో పెట్టింది.

టప్.

చెంచా నోట్లోనే ఆగిపోయింది. ఫిల్టరు కేసి చూసింది. అది ఖాళీగా ఉంది. కుళాయి కేసి చూసింది. గట్టిగా కట్టేసే ఉంది.

టప్. టప్.

చప్పుడు ఇంట్లోనే ఎక్కడినుంచో వస్తోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. అమ్మయ్య అనుకునేలోగా మళ్లీ మొదలైంది.

"ఒరేయ్" అని మెల్లిగా పిలిచింది. జవాబు లేదు.

హాల్లోకి వచ్చింది. నేల మీద రంగు పెన్సిళ్లు, సగం గీసిన ఏనుగు ఉన్నాయి. వాడు లేడు. మంచం కింద చూసింది. బీరువా పక్కన చూసింది. బాత్రూం తలుపు తోసి చూసింది. వీధి తలుపు గొళ్లెం వేసినది వేసినట్టే ఉంది. మరి వాడెక్కడికి పోయినట్టు? అసలు ఆ ఇంట్లో వసపిట్ట గొంతు ఇంతసేపు వినపడకపోవడం ఎప్పుడైనా జరిగిందా?

టప్. టప్. మళ్లీ ఆగింది.

దొరసాని గట్టిగా పిలుద్దామని నోరు తెరిచింది. కానీ మాట బయటికి రాలేదు. ఆ కథ అల్లింది తనే. అది అబద్ధమని అందరికన్నా బాగా తెలిసింది తనకే. అయినా చుక్కలు పడుతుంటే మాట్లాడాలంటే భయం వేసింది.

గోడ పట్టుకుని చప్పుడు వస్తున్న వైపు నడిచింది. అది వెనక బాల్కనీ నుంచి వస్తోంది. బాల్కనీ తలుపు మూసుకుని ఉంది. దాని మసక అద్దం అవతల, కింద, చిన్న ఆకారం ఒకటి కదలకుండా నిలబడి ఉంది.

దొరసాని ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ వెంటనే ఆ ఆకారం ఎవరిదో తెలిసింది. గబుక్కున గడియ లాగింది.

వసపిట్ట నిలువునా తడిసిపోయి ఉన్నాడు. వాన చూద్దామని బయటికి వెళ్లాడు. గాలికి తలుపు పడింది. పడితే దానంతట అదే గడియ పడిపోయే తలుపు అది, లోపలి నుంచి తప్ప తెరుచుకోదు. పైన పైపు నుంచి నీళ్లు బోర్లించిన బకెట్టు మీద చుక్కచుక్కగా పడుతున్నాయి. చుక్కలు ఆగితే తప్ప అక్కను పిలవకూడదాయె. అందుకని వాడు రెండు చేతులూ దోసిలి పట్టి ఆ చుక్కల్ని పట్టుకుంటున్నాడు. దోసిలి నిండితే పారబోస్తున్నాడు. పారబోసినప్పుడల్లా మళ్లీ టప్ మంటోంది.

"ఒక్క కేక వెయ్యకపోయావా, పిచ్చి వెధవా!"

వాడు గడ్డంతో బకెట్టు వైపు చూపించాడు. చలికి వణుకుతున్నాడు గానీ పెదాలు విప్పలేదు.

దొరసానికి ఏడుపు తన్నుకొచ్చింది. లోపలికి లాగి తువ్వాలుతో తల తుడిచింది. చొక్కా మార్చింది.

"అదంతా ఉత్తదిరా. నేనే కల్పించాను. మాట్లాడు, ఏమీ కాదు."

వాడు తల అడ్డంగా ఊపాడు. అబద్ధం చెప్పినప్పుడే ఒట్టు వేసేసింది మరి. ఇప్పుడు నిజం చెప్పినా వాడెందుకు నమ్ముతాడు?

అమ్మ గది తలుపు కిర్రుమంది. అమ్మ జుట్టు ముడేసుకుంటూ వంటింట్లోకి వెళ్లి గ్లాసు అందుకుంది. పిల్లలిద్దరూ వెనకే వెళ్లారు. చెంచాతో కలిపి, అమ్మ గ్లాసు పెదాల దాకా తీసుకెళ్లింది.

"తాగొద్దమ్మా!" వసపిట్ట వెళ్లి ఆమె చేతికి వేలాడాడు. "అందులో నా గొంతుంది! తలుపు పడ్డప్పుడు అక్కా అనేశాను. ఒక్కసారే. మెల్లిగానే."

దొరసాని పాల డబ్బా వైపు చూసింది. వాడు పిలిచాడన్నమాట. తను నాలుగో చెంచా నాకుతోంది అప్పుడు.

"ఏమిటే వీడనేది?" అంది అమ్మ.

వాడేదో వాగుతున్నాడు అనేస్తే సరిపోయేది. అమ్మ నమ్మేది కూడా. కానీ దొరసాని తల దించుకుని అంతా చెప్పింది. చెంచా సంగతి, కథ సంగతి, తలుపు ధడేలుమన్నా వెళ్లి చూడని సంగతి.

అమ్మ గ్లాసు కింద పెట్టేసింది. వసపిట్టను ఒళ్లోకి లాక్కుని, వాడి చల్లటి చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. తిట్టి ఉంటేనే బాగుండేది అనిపించింది దొరసానికి.

"ఇంకో కాఫీ పెడతానమ్మా" అంది చివరికి. "వీడు నా పక్కనే ఉంటాడు."

వాణ్ని స్టూలు మీద కూర్చోబెట్టింది. పొడి వాడి చేతనే వేయించింది. ఫ్లాస్కు తను పట్టుకుని నీళ్లు పోసి మూత పెట్టింది.

టప్.

వసపిట్ట చటుక్కున నోరు మూసుకున్నాడు. దొరసాని మాత్రం మాట్లాడటం మొదలుపెట్టింది. బళ్లో టీచరు చెప్పిన పాఠం చెప్పింది. ఎక్కాలు చెప్పింది. వచ్చీరాని పాట పాడింది. చుక్కలు పడుతూనే ఉన్నాయి, ఆమె గొంతు ఆమె దగ్గరే ఉంది. వాడు ఆమె నోటి వైపోసారి, గ్లాసు వైపోసారి చూశాడు.

మెల్లిగా చేతులు కిందికి దించాడు.

"అక్కా" అన్నాడు, వినీ వినపడనట్టు.

"ఊఁ" అంది దొరసాని.

వాడు గ్లాసులోకి తొంగి చూశాడు. ఇంకో చుక్క పడింది.

"అక్కా!"

"ఊఁ, ఇక్కడే ఉన్నానురా."

"అక్కా! అక్కా!"

చుక్కలు ఆగేలోపు వాడు ఎన్నిసార్లు పిలిచాడో లెక్కే లేదు. పిలిచిన ప్రతిసారీ దొరసాని పలికింది.