సర్దమ్మ పెట్టని పొత్తిగుడ్డలు

నెల మీద నెల తప్పిన ఏ ఆడమనిషైనా తొమ్మిదో నెల రాగానే నెల వదిలి వెళ్లాల్సిందే. అది చంద్రపురం చట్టం. చంద్రుడి మీద మనుషులు ఇళ్లు కట్టుకుని అరవై ఏళ్లయినా అక్కడ ఎవరి బరువైనా ఆరో వంతే. అంత తేలిక లోకంలో పుట్టిన బిడ్డకి ఎముకలు గట్టిపడవని డాక్టర్లు తేల్చారు. తేలిగ్గా తేల్చలేదు, బరువైన పరిశోధనలే చేశారు. అందుకని చంద్రుడి చుట్టూ ఒక పెద్ద చక్రం కట్టి గిర్రున తిప్పుతున్నారు. ఆ తిరుగుడుకి దాని లోపల భూమి మీదంత బరువు పుడుతుంది. ఆ కృత్రిమ గురుత్వంలో, అంటే ఆర్టిఫిషియల్ గ్రావిటీలో, బిడ్డా పుడుతుంది. కాగితాల్లో దాని పేరు ప్రసూతి వలయం. జనం మాత్రం పుట్టిల్లు అనేశారు. పుట్టే ఇల్లు పుట్టిల్లు కాక మెట్టినిల్లవుతుందా?

చిక్కల్లా సంచితోనే. చంద్రపురంలో చిటికెన వేలికి తగిలించుకుని తిరిగే సంచి, చక్రంలో కాలు పెట్టగానే ఆరింతలు బరువెక్కి భుజం ఊడదీస్తుంది. అందుకే నిండు చూలాలికి నాలుగు కిలోలకి మించి అనుమతి లేదు. అక్కడ మంచం, మందు, భోజనం ఇస్తారు. తక్కినవన్నీ తెచ్చుకోవాలి. మరి ఏది పెట్టాలి, ఏది మానాలి? ఈ ప్రశ్నకి జవాబుగా డాక్టర్ వకుళ కనిపెట్టిన సంచి పేరు సర్దమ్మ.

సర్దమ్మ తనని తానే సర్దుకుంటుంది. దాని అడుగున గోరంత ముందుచూపు యంత్రం, అంటే ప్రిడిక్షన్ ఇంజిన్, ఉంది. మొదటి అయిదేళ్లూ అది ఒక్క చేతిరుమాలైనా సర్దలేదు, ఊరికే చూసింది. తల్లులు ఏం పెట్టుకెళ్లారు, ఏం వాడారు, ఏది మడత విప్పకుండా తిరిగి తెచ్చారు, ఏది లేదని అక్కడ పక్క మంచం వాళ్లని బతిమాలారు, అన్నీ చూసింది. అలా పన్నెండు వేల సంచులు చూశాక సర్దడం మొదలుపెట్టింది. తల్లి చేతి గాజులోంచి ఆమె రక్తపోటూ, లోపలి బిడ్డ గుండె చప్పుడూ కూడా వింటుంది. కడుపు కోసి బిడ్డని తీయక తప్పదని డాక్టర్ల కన్నా ముందే పసిగట్టి వదులు నైటీలు పెట్టిన సందర్భాలున్నాయి. పసిని గట్టెక్కించే పని కదా, పసిగట్టక తప్పదు. సర్దడం మొదలెట్టాక అది పొరపాటు పడింది మొత్తం తొమ్మిదిసార్లు. లోపం ఒక్కటే. ఎందుకు పెట్టావంటే చెప్పదు. సంచి బుద్ధి, లోగుట్టు లోపలే.

ఇప్పుడు వకుళకే నెలలు నిండాయి. పదకొండేళ్ల కాపురంలో రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇది మూడోది. రేపే ప్రయాణం.

కిటికీ అవతల భూమి నీలం దీపంలా వెలుగుతోంది. గదంతా ఆ నీలమే. సర్దమ్మ తన రెండు గుడ్డ చేతులూ చాచి అలమరలోంచి ఒక్కొక్కటీ తీసి గాల్లోకి విసురుతోంది. చంద్రుడి మీద పడేవాటికి పడాలన్న తొందర ఉండదు. నైటీలు మబ్బుల్లా తేలాయి. నడికట్టు ఏటిపాయలా మెలికలు తిరిగింది. చెవుల్లో పెట్టుకునే దూది వెన్నెల ముక్కల్లా విడిపోయి మళ్లీ కలిసింది. వాటి వెనకాలే బాలింత పథ్యానికి కాయం డబ్బా, ధనియాల కారం సీసా పెళ్లివారిలా తీరిగ్గా వచ్చి సంచి నోట్లోకి దిగాయి. మంచం మీద పడుకున్న వకుళ కల చూస్తున్నట్టు చూసింది.

"సర్దడం అయిపోయిందమ్మా" అంది సర్దమ్మ.

"అన్నీ పెట్టావా?"

"కావలసినవన్నీ పెట్టాను."

వకుళ లేచి చూసింది. తన బట్టలున్నాయి, తన పథ్యం ఉంది, తన దువ్వెన కూడా ఉంది. బిడ్డకి మాత్రం ఏమీ లేదు. టోపీ లేదు, గౌను లేదు, ఒక్క పొత్తిగుడ్డ లేదు. మర్చిపోయిందేమోనని తనే ఒక పొత్తిగుడ్డ తీసి పెట్టింది. సర్దమ్మ దాన్ని బయటికి ఉమ్మేసింది. అది కప్పుదాకా ఎగిరి, నెమ్మదిగా దిగి, వకుళ పొట్ట మీద వాలింది.

"అది అక్కర్లేదమ్మా."

"బిడ్డకి పొత్తిగుడ్డ అక్కర్లేదా?"

"అక్కరపడే అవకాశం వెయ్యికి ఒకటి కూడా లేదు."

"ఎందుకని?"

సర్దమ్మ లోపలి నైటీల మడతలు సరిచేసుకుంది.

వకుళ గాజుని చెవికి ఆనించుకుంది. చిన్న గుండె గబగబా కొట్టుకుంటోంది. పొద్దున్నే డాక్టర్లు అంతా బాగుందన్నారు. కానీ డాక్టర్ల కన్నా ముందే తెలుసుకునేలా ఈ సంచిని చేసింది తనే. ఆమె భర్త భద్రానికి ఒక్క మాటైనా చెప్పకుండా సంచి పట్టుకుని ప్రయోగశాలకి వెళ్లింది. అక్కడ గణాంకాల విభాగం చూసే ఆశీర్వాదం ఉన్నాడు.

"ఏంటమ్మా, చేసిన చేతికే సంచి చెయ్యిచ్చిందా?" అని మొదలెట్టిన ఆశీర్వాదం, ఆమె మొహం చూసి నవ్వు మింగేశాడు.

"బిడ్డకి ఒక్క పొత్తిగుడ్డా పెట్టనంటోందండీ. నా బిడ్డ గుండెలో ఇది ఏదో వినుంటుంది. ఏముందో దాచకుండా చెప్పండి."

"ముందు కూర్చో తల్లీ."

ఆయన వకుళ వివరాలు తీసేసి, నిరుడు పురుడు పోసుకున్న ఇంకో తల్లి వివరాలు సర్దమ్మకి ఇచ్చాడు. ఆవిడ కొడుకు ఇప్పుడు వీధిలో గెంతుతున్నాడు. అయినా సర్దమ్మ పొత్తిగుడ్డ పెట్టలేదు. ఇంకో తల్లివి ఇచ్చాడు. పెట్టలేదు. చివరికి అది నేర్చుకున్న పన్నెండు వేల సంచుల చిట్టా మొత్తం తెర మీద పరిచాడు.

"ఊపిరి పీల్చుకో అమ్మా. ఇది నీ బిడ్డ సంగతి కాదు. ఈ పన్నెండు వేల మందిలో ఒక్క తల్లీ బిడ్డ బట్టలు సంచిలో పెట్టుకోలేదు. పిచ్చిముండ, చూసిందే నేర్చుకుంది."

వకుళ నిజంగానే ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే ఆమెలోని శాస్త్రవేత్త నిద్ర లేచింది.

"మరి ఆ పిల్లలంతా దిగంబరంగా దిగారా? ఫొటోల్లో అందరికీ బట్టలున్నాయి కదండీ!"

ఆశీర్వాదం మెడ గోక్కున్నాడు. "మా ఆవిడ పురుడికి నేను రెండు మేజోళ్లలోనూ కుక్కుకెళ్లానమ్మా. కొత్తవి కూడా కాదు, మా బావమరిది పిల్లాడివి, పాతవి. పుట్టకముందే బిడ్డ బట్టలు తల్లిచేత సర్దించకూడదని మా అత్తగారు ఒట్టేయించుకుంది."

"మీరా? గణాంకాలు చదివిన మీరా?"

"గణాంకం గణాంకమే, గండం గండమే."

వకుళకి తను ఆ తల్లులందరికీ ఇచ్చిన ప్రశ్నావళి గుర్తొచ్చింది. దిష్టి, శకునం లాంటి నమ్మకాలున్నాయా అని అడిగితే పన్నెండు వేల మందీ లేవనే రాశారు. ఇంకోటీ గుర్తొచ్చింది. చక్రానికి వెళ్లిన ప్రతి తండ్రీ తిరిగొచ్చేసరికి మూడువందల గ్రాములు తగ్గుతున్నాడు. అది పితృ ఆందోళన వల్లేనని ఆమె పెద్ద వ్యాసం రాసింది. దానికి శాలువా కూడా కప్పారు.

"ఆందోళన కాదమ్మా, పొత్తిగుడ్డలు" అన్నాడు ఆశీర్వాదం.

వకుళ నవ్వింది. చంద్రుడి మీద కడుపారా నవ్వితే కాళ్లు నేలకి ఆనవు. ఆమె పొట్టతో సహా జానెడు పైకి లేచి, కళ్లు తుడుచుకుంటూ కిందికి దిగింది. ఆశీర్వాదం సర్దమ్మ మెదడులో ఆ లెక్క దిద్దాడు. "ఇక ఎవరూ మేజోళ్లలో కుక్కుకోనక్కర్లేదు" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి భద్రం కోటు తొడుక్కుని తిరుగుతున్నాడు. చంద్రపురం గోపురం కింద ఏడాది పొడుగునా ఒకటే వేడి. ఆ ఊళ్లో కోటు తొడగడానికి కారణం ఉండదు.

"చలేస్తోందా?" అంది వకుళ.

"కొంచెం."

"రొమ్ము దగ్గరే ఎక్కువ చలేసినట్టుందే. పావురంలా ఉబ్బావు."

"ఆ... అక్కడే" అని భద్రం పక్కగదిలోకి తప్పుకున్నాడు.

ఆమె మంచం మీద కూర్చుంది. సర్దమ్మ ఉత్సాహంగా నోరు తెరిచింది.

"అమ్మా, నా తప్పు దిద్దారు. పొత్తిగుడ్డలు ఆరు, టోపీలు రెండు పెట్టేస్తాను. బిడ్డకి అవి అక్కరపడే అవకాశం నూటికి..."

వకుళ ఒక్క ఉదుటున వంగి రెండు చేతులతో సంచి నోరు మూసేసింది. అటూ ఇటూ చూసింది. గదిలో ఎవరూ లేరు. కిటికీలోంచి భూమి ఒక్కటే తొంగి చూస్తోంది. ఆమె లేచి కిటికీ తెర కూడా లాగేసి, సంచి దగ్గరికి వంగి గుసగుసగా అంది.

"ఏమీ పెట్టకు. ఆ అంకె మాత్రం పైకి అనకు."