పచ్చదీపం కింద తెలుపు

ఊళ్లోకి వచ్చిన రొమ్ము క్యాన్సర్ పరీక్షల బండిలో ఇరవై మూడో స్త్రీ రొమ్మును పలకల మధ్య సర్ది, "ఊపిరి బిగబట్టండమ్మా" అంది అరుంధతి. యంత్రం గుర్రుమని ఆగింది. నాలుగు సెకన్లలో, చిత్రం చూసి ఫలితం తేల్చే కృత్రిమ మేధ నిర్ణాయకం పచ్చదీపం వెలిగించింది. లోపం లేదు. పంపించు.

తెర మీది చిత్రం నిండా తెలుపే. పక్కన సాంద్రత: నాలుగో తరగతి, అన్నిటికన్నా దట్టం. ఆ అంకె ఆపరేటరుకే కనిపిస్తుంది. స్త్రీలకు చెప్పకూడదు, అనవసరంగా భయపడతారని నియమం.

పోయిన వానాకాలం తోటి ఆపరేటరు నిర్మలకూ ఇంతే తెలుపు, ఇదే దీపం. అరుంధతే నవ్వుతూ పంపించింది. ఎనిమిది నెలలకు నిర్మల చంకలో గడ్డ తేలింది.

"మంచిగనే ఉన్నట్టా మేడం?" పలకల దగ్గర్నుంచి జరిగిన స్వరూప రవిక అందుకుంటూ అడిగింది. మరమగ్గాల షెడ్డులో పనిచేసే మనిషి, నలభై నాలుగేళ్లు. "మీ ముఖం గట్లెందుకైంది?"

అరుంధతి తెరను ఆమె వైపు తిప్పింది. బండిలో ప్రతి మాటా నమోదవుతుంది.

"మీ రొమ్ము బాగా దట్టమైనదమ్మా. చిత్రంలో తెల్లగా పడుతుంది. గడ్డ ఉన్నా తెల్లగానే పడుతుంది. అందుకే యంత్రానికి కనిపించలేదంటే లేదని కాదు. ఇలాంటివాళ్లకు ముప్పు కూడా కొంచెం ఎక్కువ. చాలామందికి ఏమీ కాదు. కానీ ఇంకో పరీక్ష చేయాలి."

"అనుమతి లేదు" అంది నిర్ణాయకం.

అరుంధతి అల్ట్రాసౌండ్ మీట చేత్తోనే నొక్కి, దాని పరికరాన్ని స్వరూప రొమ్ము మీద ఆనించింది. బూడిదరంగు తెర మీద ఓ మూల, అంచులు చెదిరిన నల్లటి మచ్చ. స్వరూప ఆమె మణికట్టు పట్టుకుంది.

"గదేంది?"

"నాకూ తెలియదు. సూది పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. రేపు పెద్దాసుపత్రికి పోదాం. నేనొస్తా."

"నాకు భయమైతుంది మేడం."

"నాకూ అవుతోంది."

"ఆపరేటరు అరుంధతి విధుల నుంచి తొలగింపు. తొంభై సెకన్లలో తెర మూతపడుతుంది" అని ప్రకటించింది నిర్ణాయకం.

పలుచటి పరదా అవతల అంతా విన్నారు. "ఇరవై నాలుగు" అని నిర్ణాయకం మూడుసార్లు పిలిచింది. ఎవరూ కదల్లేదు. పొద్దున పరీక్షయ్యాక లోపం లేదన్న పచ్చచీటీ తీసుకుని చెట్టు కింద కూర్చున్న ఓ పెద్దావిడ మాత్రం మెట్లెక్కి వచ్చింది.

"నాదెంత బిడ్డా?" చీటీ ముందుకు చాపింది. "నాదీ గంత తెలుపేనా?"

ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక ఇంకా కొందరు, చేతుల్లో పచ్చచీటీలతో.

తెర అంచున అంకెలు తగ్గిపోతున్నాయి. అరవై ఒకటి. అరవై.

"పేరు చెప్పండమ్మా, తొందరగా" అంది అరుంధతి. పేరు పక్కన సాంద్రత అంకె ఉన్న ఆ రోజు జాబితాను ఆమె మొదటికి జరిపింది.