కామ్‌షాఫ్ట్ మీది దెబ్బ

"నా కొడుకును ఎవరు చంపిన్రో నాకు తెల్వాలె మేడం."

హనుమకొండ చౌరస్తాలో మేడ మీద ఉన్న ఆ చిన్న ఆఫీసులోకి వస్తూనే సుందర్ రావు అన్న మాట అది. కుర్చీ చూపించినా ఆయన కూర్చోలేదు. గడ్డం మాసి ఉంది. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు.

ప్రైవేటు డిటెక్టివ్ శకుంతల అంతకుముందు చాలాకాలం ఒక బీమా కంపెనీ తరఫున వాహన ప్రమాదాలు పరిశీలించింది. విరిగిన ఇనుమును చూసి జరిగింది చెప్పగలదని ఆమె సహాయకురాలు స్రవంతికి గట్టి నమ్మకం.

సుందర్ రావు ఒక్కగానొక్క కొడుకు జోయెల్ జీపు రేసులకు వెళ్లేవాడు. కొత్తగా కట్టించిన ఇంజన్‌తో ములుగు దగ్గర మట్టిరోడ్డు మీద ప్రాక్టీసు చేస్తుంటే లోపలి రాడ్ విరిగి ఇంజన్ పగిలింది. చక్రాలు బిగుసుకుపోయి జీపు పల్టీ కొట్టింది. దవాఖానకు చేరేలోపే అతని ప్రాణం పోయింది. పోలీసులు ప్రమాదమని తేల్చారు.

"ఇంజన్ కట్టింది సుదర్శన్. వాడు సక్కగ చూస్కోక బిగించిండు. నేను ములుగు రూట్ల ఏండ్ల తరబడి జీపు నడిపిన మేడం. విప్పుడు, బిగించుడు అన్ని నా చేతులతోనే చేసుకున్న. ఊకెనే రాడ్ ఇరగదు."

"మీ అబ్బాయి రేసులకు పోవుడు మీకిష్టమేనా?"

"కన్నోళ్లకు ఎట్లిష్టముంటది? వాని ముంగటైతే ఎన్నడూ అనలే."

శకుంతల కేసు తీసుకుంది.

కాజీపేటలో సుదర్శన్ షెడ్డు షట్టరు సగం దించి ఉంది. అంత్యక్రియల రోజు సుందర్ రావు అందరి ముందు అతని చొక్కా పట్టుకుని 'నా కొడుకును చంపినవ్' అన్నప్పటి నుంచి బండ్లు రావడం లేదు. వచ్చినా సుదర్శన్ పానా చేతబట్టడం లేదు. జోయెల్‌కు అతను చిన్ననాటి స్నేహితుడు. పోలీసులు వదిలేసిన ఇంజన్ ఒక మూల, గోనెపట్టా కింద ఉంది.

"ఇది మామూలు జీపు ఇంజన్ కాదు మేడం," అన్నాడు సుదర్శన్. "పవర్ కోసం క్రాంక్ మార్చి స్ట్రోక్, అంటే పిస్టన్ పోయొచ్చే దూరం, పెంచినం. అట్ల పెంచితే కనెక్టింగ్ రాడ్ ఇంకింత ఎడంగ తిరుగుతది. దాని పక్కపొంటే వాల్వులు తెరిచే కామ్‌షాఫ్ట్ ఉంటది. రెండూ తగలొద్దు. బిగించే ముందు చూస్కోవాల్సింది అదే."

"చూశావా?"

అతను ఒక డబ్బా మూత తీశాడు. లోపల పిల్లలు బొమ్మలు చేసుకునే రంగు మన్ను ముక్కలు ఉన్నాయి.

"ఈ మన్ను రాడ్ భుజం మీద పెట్టి, ఇంజన్‌ను చేత్తోని రెండు చుట్లు తిప్పినం. కామ్ ఒత్తిన కాడ పల్చనైతది. కోసి కొలిస్తే సందెంతో తెలుస్తది. బాగ పల్చగున్న కాడ గూడ రెండు మిల్లీమీటర్లు ఉండె. ఒకటిన్నర ఉంటే చాలు. జోయెల్ నా పక్కనే ఉండి చూసిండు."

శకుంతల మన్ను ముక్కలను తనే కొలిచింది. తర్వాత పగిలిన బ్లాకు సందులోకి టార్చి వేసింది. కామ్‌షాఫ్ట్ మీద ఒకచోట రాడ్ కొట్టిన లోతైన గాటు మెరిసింది.

"మరి ఇది?"

"అదే సమజైతలేదు మేడం. అన్నం గూడ పోతలేదు. నేనే ఎక్కడన్న తప్పు చేసిన్నా అని..."

ఆమె ఇంజన్ ముందు మూత అంచును గోటితో గీకింది. గోధుమరంగు పెచ్చు ఊడివచ్చింది. "ఆయిల్ కారకుండా దీనికి నువ్వు ఏం రాస్తావు?"

"సిలికాన్. ఇది... ఇది లక్క మేడం. పాత కాలపోళ్లు రాసేది. నా షెడ్డుల లక్కనే లేదు."

మూత విప్పించింది. లోపల క్రాంక్‌ను, కామ్‌ను కలిపే రెండు గేర్లున్నాయి. సుదర్శన్ చేతిలోని పానా కింద పడింది.

"గేర్ల మీది మార్కులు కలుస్తలేవు! ఒక పల్లు జరిగింది. నేను కలిపే బిగించిన మేడం, దేవుని తోడు."

"ఆ రోజు జోయెల్ ఏమన్నా చెప్పిండా?"

"పొద్దుగాల ఫోన్ చేసిండు. బండి గుంజుతలేదన్నా, ఇంక గట్టిగ తొక్కి చూస్త అన్నడు."

"స్ట్రోక్ పెంచిన సంగతి ఇంకెవరికి తెలుసు?"

"మా ఇద్దరికే. ఇంట్ల చెప్పొద్దన్నడు. మామూలు ఇంజనే అని చెప్పిండట."

జోయెల్ భార్య లిదియా వాకిట్లోనే ఎదురైంది. ప్రాక్టీసుకు ముందురోజు ఆదివారమని, జీపు పెరట్లోనే ఉందని చెప్పింది.

"మేమిద్దరం చర్చికి పోయినం. మామయ్య మోకాళ్ల నొప్పులని ఇంటికాన్నే ఉన్నడు. మేం వచ్చేసరికి జీపు కడుగుతాండు. నొప్పులతోని ఎందుకు మామయ్యా అంటే నవ్విండు."

"బయటివాళ్లు ఎవరైనా వచ్చారా?"

"గేటుకు లోపల్నుంచి గడియ పెట్టి ఉండె. మేం పిలిస్తే తీసిండు."

తిరిగి వచ్చేటప్పుడు స్రవంతి ఆ గేటు వైపు ఒకసారి వెనక్కి చూసింది. "మనకు తెలిసింది బయటికి చెప్పకపోతే ఏమైతది మేడం?" అంది.

"సుదర్శన్ బతికినన్నాళ్లు తనే చంపిన్నని అనుకుంటడు," అంది శకుంతల.

మర్నాడు అందరూ సుందర్ రావు ఇంటి ముందుగదిలో కూర్చున్నారు. సుదర్శన్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"సుదర్శన్ తప్పు ఏమీ లేదు," శకుంతల మొదలుపెట్టింది. "అతను కొలిచినప్పుడు రాడ్‌కూ కామ్‌కూ మధ్య కావలసిన సందు ఉంది. తర్వాత ఎవరో ఇంజన్ ముందు మూత తీసి, గేరును ఒక పల్లు జరిపి, లక్క రాసి మళ్లీ బిగించారు. సుందర్ రావు గారూ, మామూలు జీపు ఇంజన్‌లో అట్ల జరిపితే ఏమైతది?"

"ఏం కాదు," వెంటనే అన్నాడాయన. "బండి గుంజదు. ఎంత తొక్కినా ఉరకదు. అంతే గని ఇంజన్‌కు..."

లిదియా తలెత్తి మామగారి వైపు చూసింది.

"ఇది మామూలు ఇంజన్ కాదు," శకుంతల గొంతు తగ్గించింది. "స్ట్రోక్ పెంచారు. ఒక్క పల్లు జరిగేసరికి కామ్ తిరిగే వేళ మారి ఆ సందు దాదాపు పోయింది. మెల్లగా నడిపితే తగల్లేదు. బండి గుంజడం లేదని జోయెల్ ఇంకా గట్టిగా తొక్కిండు. ఆ వేగానికి రాడ్ సాగి కామ్‌ను కొట్టి విరిగింది."

సుందర్ రావు సుదర్శన్ వైపు తిరిగాడు. "స్ట్రోక్ పెంచిన్రా? నాకు మామూలు ఇంజనే అన్నడు గదరా."

"నువ్వు భయపడ్తవని చెప్పలే కాకా."

ముసలాయన తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. ఎవరితోనూ కాకుండా అన్నాడు. "ఆ పల్లు నేనే జరిపిన. ఓడిపోతడనుకున్న. రెండు మూడు సార్లు ఓడిపోతే ఇసుగుపుట్టి ఇడిసిపెడ్తడు, ఇంటిపట్టున ఉంటడనుకున్న. ఇంజన్ ఇరుగుతదని తెలిస్తే చెయ్యి నరుక్కుందు గని..."

"మామయ్యా," అంది లిదియా. ఆమె కళ్లలో నీళ్లు లేవు. "పోవద్దు, నాకు భయమైతాంది అని ఆయనకు ఒక్కసారన్న చెప్పినవా?"

"చిన్నబోతడని చెప్పలే బిడ్డా."

"నువ్వు మెచ్చుకోవాలనే ఉరికిండు. నాయిన ఏమంటలేడు, నా రేసులంటే ఇష్టమే ఉన్నట్టుంది అని నాతోని ఎన్నిసార్లు అన్నడో."

ఆమె లేచి లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

సుందర్ రావు పోలీస్ స్టేషన్‌కు తీసుకుపొమ్మని తనే అడిగాడు. కుర్చీ పట్టుకుని లేవబోయాడు. సుదర్శన్ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను ముట్టకు బిడ్డా, నిన్ను అందరి ముంగట అంత మాట అన్న," అని ఆయన విదిలించుకున్నాడు. సుదర్శన్ వదలలేదు. భుజం పట్టి గడప దాటించి, ఆటోలో కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చున్నాడు.

డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు.

"జర ఆగు," అన్నాడు సుందర్ రావు, ఇంటి లోపలికి చూస్తూ. డ్రైవరు ఆగాడు. స్రవంతి మొహం పక్కకు తిప్పుకుంది. లోపలి గది తలుపు తెరుచుకోలేదు. చాలాసేపటికి ముసలాయన తల దించుకుని, "ఇగ పోనీ," అన్నాడు.