ఏడో పొట్లం

అన్నయ్యా, ఇది పెద్ద మెసేజే. బండి మీద వినకు, ఎక్కడైనా కూర్చుని విను.

నా పని తెలిసిందేగా, చేపల వాసన చూడటం. ముక్కుకి ఉద్యోగం వచ్చింది, మనిషిని ఊరికే తీసుకెళ్తున్నారు అని ఏడిపిస్తావు. ఊరి పక్కన ఏరు సముద్రంలో కలిసే చోట ఆయిల్ గొట్టం పగిలి, చేపల వేట ఆపేశారు కదా. మళ్ళీ తెరవాలంటే మెషీను చెబితే చాలదు. ముగ్గురం మనుషులం వాసన చూసి, ముగ్గురమూ చీటీ మీద ఆయిలు వాసన "లేదు" అని రాయాలి. ఆ రోజు సబ్బు రాసుకోకూడదు, కాఫీ తాగకూడదు. జలుబు ఉంటే అసలు లోపలికే రాకూడదు.

మొదటి పరీక్ష రోజు నాకు జలుబు ఉంది అన్నయ్యా.

నాలుగు నెలలు తమ్ముడి పడవ ఒడ్డునే ఉండిపోయింది. రోజూ వల విప్పడం, మళ్ళీ సర్దడం. మనిషి మాట్లాడటమే మానేశాడు. నేను రానంటే పరీక్ష ఇంకో పదిహేను రోజులు వెనక్కి పోతుంది. అందుకని మూసుకుపోయిన ముక్కుతోనే చేప పొట్లాలన్నీ విప్పి, చూసినట్టు చేసి, "లేదు" అని రాసేశా. మిగతా ఇద్దరూ అదే రాసినట్టున్నారు. మర్నాడు వేటకి వెళ్ళమన్నారు.

తొలిరోజే తమ్ముడు కాలు జారి నీళ్ళల్లో పడ్డాడు. రెండు నిమిషాల్లో పైకి లాగేశారట. నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. అప్పటికి నా జలుబు తగ్గింది. గుమ్మంలో ఎదురుపడ్డాడు... వాడి ఊపిరిలో డీజిలు.

నోట్లోకి పోయుంటుందిలే అనుకున్నా. వారమైనా పోలేదు. మరదలికి ఏ వాసనా రావట్లేదట. మీ ముక్కు ఆఫీసులో పెట్టి రండి వదినా అని నవ్వింది. కానీ అన్నయ్యా, అమ్మ పోయాక వాణ్ణి ఎత్తుకుని పెంచినదాన్ని. ఎండిన తాడు, చెమట, వాడు నమిలే లవంగం... చీకట్లో కూడా వాణ్ణి గుర్తుపడతా. దగ్గరికి తీసుకుని తల మీద వాసన చూశా. డీజిలు కింద ఇంకేం లేదు. మనిషి వాసనే లేదు.

ఇవాళ పొద్దున మళ్ళీ పరీక్ష పెట్టారు. అది కిటికీల్లేని గది. తెల్ల లైట్లు, చల్లగా, మాట్లాడకూడదు. చేపలు పొట్ట కోసి, కడిగి, రేకు కాగితంలో చుట్టి వరసగా పెట్టారు. ఈసారి వాసన వచ్చింది. నీళ్ళు పైకి తేటగానే ఉన్నా ఆయిలు అడుగు బురదలోకి దిగిపోయింది. ఆ బురదలో మేసి మేసి వీటి కొవ్వులోకి ఎక్కింది. రెక్కల అంచులు ఎవరో కొరికినట్టున్నాయి. ఆరు పొట్లాలకీ "ఉంది" అని రాశా. ఏడోది విప్పా.

తాడు. చెమట. లవంగం.

మూసేశా. మళ్ళీ విప్పి గట్టిగా పీల్చా...

తమ్ముడే.

వాసన అయ్యాక ఆవిరి మీద ఉడికించి రుచి చూడాలి, అది పద్ధతి. ఆఫీసరు ఆ పొట్లం కోసం చెయ్యి చాపాడు. ఆయన చూస్తుండగానే ఏడో పొట్లం సంచిలో వేసుకుని వచ్చేశా. నీళ్ళల్లో వదిలేద్దామంటే పొట్ట కోసేసిన చేప. ఏం వదలను?

ఇంటికొచ్చి ఫ్రిజ్‌లో ఐసు అరలో పెట్టా. తమ్ముడు వాళ్ళది పక్క వాటాయే కదా. పది నిమిషాలకి మరదలు పరిగెత్తుకుంటూ వచ్చింది. మిట్టమధ్యాహ్నం, బయట నిప్పులు కురుస్తుంటే వాడు వణికిపోతున్నాడట, పెదాలు నీలంగా అయిపోయాయట. ఆమెని పంపేసి పొట్లం బయటికి తీశా. కాసేపటికి అటు వైపు సద్దు తగ్గింది. నమ్మబుద్ధి కాక మళ్ళీ లోపల పెట్టా, తప్పు చేశా... గోడవతల పళ్ళు టకటకా కొట్టుకోవడం వినిపించింది.

ఇప్పుడు బయటే ఉంది, నా ముందు పళ్ళెంలో. ఐసులో పెడితే వాడికి చలి. బయట ఉంచితే ఈ ఎండకి సాయంత్రం దాకా కూడా ఆగదు. అంచు దగ్గర అప్పుడే మెత్తబడుతోంది. నాకు ఏం చెయ్యాలో తోచట్లేదు, నువ్వేదైనా చెప్పు...

ఉండు. మరదలు వచ్చింది.

"వదినా, మీ తమ్ముడి మీద ఈగలు వాలుతున్నాయి. ఎంత తోలినా పోవట్లేదు. ఆయనకి తెలియట్లేదు వదినా..."

అన్నయ్యా... విన్నావా?

నా పళ్ళెం మీద ఒక్క ఈగ కూడా లేదు.