మామయ్యకు చూపించకుండా

ఆండాళమ్మ కాఫీ గ్లాసుతో వసారాలో కూర్చుని, రోజూలాగే ఫోనులో నేతవాళ్ల సైటు తెరిపించుకుంది. ఈపురుపాలెం నుంచి రేపల్లె దాకా రెండువేల మంది సభ్యులున్నారందులో. రంగుల గురించో గంజి గురించో వాళ్లడిగే ప్రశ్నలకు ఆమె భర్త బసవలింగం గొంతుతోనే జవాబులు పెట్టేవాడు. టైపు చేయమంటే ఆయనకు తల ప్రాణం తోకకొచ్చేది మరి. ఆయన పోయి అయిదు నెలలైంది. పొద్దున్నే ఒక జవాబన్నా వినందే ఆండాళమ్మకు కాఫీ గొంతు దిగదు.

ఆ రోజు ఎంత నొక్కినా పలకలేదు.

"సునీలా, మీ మామయ్య మాట్లాడటం లేదేంటి?" అని కోడల్ని పిలిచింది.

సునీల ఫోను అందుకుని చూసింది. ఆ సైటు నడిపేది తనే. ఫోనులో అక్షరాలు ఆనడం లేదని సభ్యులు పోరుతుంటే ముందురోజే దాని రూపం మార్చింది. పనికిరావనుకుని తీసేసిన పాత భాగాల్లో గొంతులు దాచేది కూడా ఉంది. దాంతోపాటే ఆరువందల జవాబులూ తుడిచిపెట్టుకుపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పాత కాపీ తీసి వెతికితే, రాతలున్నాయి గానీ గొంతు ఒక్కటీ లేదు.

టిఫినుకు వచ్చిన సునీల భర్త గోపీకృష్ణ సంగతి విని పళ్లెం పక్కకు నెట్టేశాడు.

"మార్పులు చేసి చూసుకోడానికి నకలు సైటు ఉందన్నావుగా, మనకు తప్ప ఎవరికీ కనపడదని? కొత్త రంగైతే ఒక్క చిలప నూలు ముంచి ఆరబెట్టి చూడందే మిగతాదంతా ముంచం. ఆ మాత్రం తెలీదా నీకు? నాన్న గొంతు మనకి ఇంకెక్కడుంది?"

తెలియకేం. ఆ నకలు పట్టుబట్టి పెట్టించింది మామగారే. ఏ మార్పు చేసినా సునీల ముందు అందులో పెట్టి ఆయనకు చూపించేది. ఆయన కళ్లజోడు సర్దుకుని అడుగుదాకా జరిపి చూసి, "ఈ మీట దొరకట్లేదమ్మా, కాస్త పెద్దది చెయ్యి" అనేవాడు. ఆయన సరేనన్నాకే అందరికీ పెట్టేది. ఆయన పోయాక నకలు తెరవడానికి ఆమెకు మనసు రాలేదు.

"ఎవరికి చూపించనండీ?" అంది చివరికి, ఏడుపు ఆపుకోలేక. "చూసేవాళ్లెవరున్నారు?"

"నేను లేనా?"

ఆండాళమ్మ గొంతులో కోపం లేదు. అదే సునీలను ఎక్కువ కోసింది.

"నాకు అక్షరం ముక్క రాదనేగా అడగలేదు. చదవలేకపోతే ఏం? ఆయన గొంతు ఉందో లేదో నాకంటే ఎవరికి తెలుస్తుందమ్మాయ్?"

గోపీకృష్ణ తలొంచుకుని బయటికి వెళ్లిపోయాడు. అమ్మను ఏనాడూ అడగాలనుకోనివాళ్లలో తనూ ఒకడు.

ఎవరైనా దాచుకున్నారేమోనని సునీల సభ్యులందరినీ బతిమాలింది. ఎప్పటికీ ఉంటాయనుకున్నాం గానీ దాచుకోలేదని ఒక్కొక్కరే బాధపడ్డారు. తొమ్మిదో రోజున బాపట్ల నుంచి ఝాన్సీలక్ష్మి అనే ఆమె ఒక ముక్క పంపింది. పట్టుమని అర నిమిషం లేదు.

సునీల దాన్ని నకలు సైటులో పెట్టి, ఫోను తెచ్చి అత్తగారి ఒళ్లో ఉంచింది. "చూడండత్తయ్యా, ఎక్కడ నొక్కాలో తెలుస్తోందా?"

ఆండాళమ్మ వెతుక్కుని నొక్కింది. ముందు దగ్గు. తర్వాత ఆయన. "వినపడుతోందా అమ్మా? గంజి మరీ చిక్కగా కాచొద్దు. పోగులు తెగుతాయి..."

రెండోసారి విని, మూడోసారి విని, ఆమె పైటచెంగు కళ్లకద్దుకుంది.

"బాగానే పలుకుతోందిగా అత్తయ్యా. అందరికీ పెట్టెయ్యనా?"

ఆండాళమ్మ ఫోను రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఈ నకల్లో ఉన్నంతకాలం మనకే వినపడుతుందన్నారుగా?"

"అవునత్తయ్యా."

"అయితే అప్పుడే పెట్టకమ్మా. ఇంకొన్నాళ్లు మన దగ్గరే ఉండనీ."

సునీల ఫోను ఆమె చేతుల్లోనే వదిలేసి, పక్కన కూర్చుంది.